షుగరు ఉన్న తల్లికి కాన్పుల మధ్య ఎడం ఎందుకు?

బిడ్డకూ బిడ్డకూ మధ్య కనీసం 3 ఏళ్ళ ఎడం ఉండాలని మీరు వినే ఉంటారు. చక్కెర వ్యాధి ఉన్న తల్లికి ఈ మాట మరీ ముఖ్యం. ఆమెకు ఎడం ఒక్కటే చాలదు. నెల తప్పక ముందే రక్తంలో చక్కెర అదుపులోకి రావాలి. ఎందుకో చదవండి. చదువు రాని వారికి చదివి వినిపించండి.

చక్కెర వ్యాధి అంటే ఏమిటి?

మనం తినే అన్నం, రొట్టె, పండ్లు కడుపులో అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. ఆ చక్కెరను శరీరం వాడుకోవాలంటే ఇన్సులిన్ కావాలి. దానిని తయారుచేసేది పొట్టలో ఉన్న క్లోమగ్రంథి. ఇన్సులిన్ చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా చక్కెర రక్తంలోనే పేరుకుపోతుంది. అదే మధుమేహం. వాడుకలో షుగరు జబ్బు అంటాం. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపమూ కాదు.

కొందరికి ఇది గర్భం రాకముందే ఉంటుంది. మరికొందరికి గర్భంతో ఉన్నప్పుడే మొదటిసారి బయటపడుతుంది. మాయ నుంచి వచ్చే హార్మోనులు ఇన్సులిన్ పనికి అడ్డుపడటం ఇందుకు కారణం. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. "తగ్గిపోయింది కదా" అని మరచిపోతేనే ప్రమాదం. తరువాతి కాన్పులో మళ్ళీ రావచ్చు. కొన్నేళ్ళకు శాశ్వతంగా నిలిచిపోనూ వచ్చు.

బిడ్డకు ఏమవుతుంది?

బిడ్డ గుండె, మెదడు, వెన్నెముక మొదటి 8 వారాలలోనే రూపు కడతాయి. నెల తప్పిందని తల్లి గుర్తించి, ఆరోగ్య కేంద్రానికి వచ్చి పేరు రాయించుకునేసరికి ఆ రోజులు దాదాపు గడిచిపోతాయి. అప్పుడు చక్కెర బాగా ఎక్కువగా ఉంటే గర్భం పోవచ్చు, లేదా బిడ్డ అవయవ లోపంతో పుట్టవచ్చు. తరువాతి నెలల్లో ఎక్కువైతే బిడ్డ అతిగా పెరిగి కాన్పు కష్టమవుతుంది. కడుపులోనే పోయే ముప్పూ ఉంది. పుట్టిన వెంటనే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. చక్కెర అదుపులో ఉంటే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. షుగరు ఉండి కూడా ఆరోగ్యమైన బిడ్డలను కన్న తల్లులు ఎందరో ఉన్నారు.

పరీక్ష ఎప్పుడెప్పుడు?

1. గర్భిణిగా మొదటిసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు.
2. అప్పుడు లేదని తేలితే, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి.
3. గర్భంలో షుగరు వచ్చిన తల్లికి, కాన్పయిన 6 వారాలకు. ఆ తరువాత ఏడాదికోసారి.

గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగిస్తారు. 2 గంటలయ్యాక రక్తం చూస్తారు. 140 మిల్లీగ్రాములు గాని, అంతకు పైన గాని ఉంటే గర్భకాలపు మధుమేహం అన్నమాట. ఈ పరీక్షకు పరగడుపున రానక్కరలేదు. తిండిలో మార్పుతో 2 వారాల్లో చక్కెర దిగకపోతే మందు మొదలు పెడతారు. ఇన్సులిన్ సూది వేసుకోమంటే వద్దనకండి. అది బిడ్డకు హాని చేయదు.

మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే

ముందుగా డాక్టరు గారిని కలవండి. మూడు నెలల సగటు చక్కెర తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. అది 6.5 లోపు ఉంటే మంచిది. కళ్ళు, మూత్రపిండాలు, రక్తపోటు కూడా చూపించుకోండి. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు గర్భానికి ముందు నుంచే వాడాలి. మీరు వాడే మందుల్లో కొన్ని మార్చవలసి రావచ్చు. మీ అంతట మీరు మాత్రం ఏదీ మానవద్దు.

అంతవరకు ఏ పద్ధతి?

కాపర్-టి చక్కెరను పెంచదు. 380-ఎ రకం 10 ఏళ్ళ వరకు పనిచేస్తుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. నిరోధ్ కూడా మంచిదే, కాని ప్రతిసారీ వాడాలి. గర్భనిరోధక మాత్రలు, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షను అందరికీ సరిపడవు. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నా, కళ్ళకు గాని మూత్రపిండాలకు గాని దెబ్బ తగిలినా, రక్తపోటు ఉన్నా డాక్టరు గారిని అడగనిదే మొదలు పెట్టవద్దు.

పిల్లలు చాలనుకుంటే భర్త ముందుకు రావాలి. కోత, కుట్టు లేని వాసెక్టమీ చిన్న ఆపరేషను. మగతనం తగ్గదు. ఆ తరువాత 3 నెలలు మాత్రం నిరోధ్ వాడాలి. భార్యే ఆపరేషను చేయించుకోదలిస్తే ముందు చక్కెర అదుపులోకి రావాలి.

వంటింట్లో

అన్నం పూర్తిగా మానక్కరలేదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు; పావు భాగం పప్పు, గుడ్డు లేదా చేప; మిగతా పావు అన్నం గాని జొన్నరొట్టె గాని ఉండాలి. రాగి సంకటి, గోధుమ రొట్టె కూడా చక్కెరగా మారేవే. మంచివి కదా అని ఎక్కువ తినరాదు. బెల్లం, తేనె కూడా తీపే. కాకరకాయ కూర తినవచ్చు, కాని అది మందుకు బదులు కాదు. డాక్టరు వద్దనకపోతే రోజూ అరగంట నడవండి.

మందు వాడే తల్లికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే చక్కెర పడిపోయిందని గుర్తు. వెంటనే 3 చెంచాల గ్లూకోజు పొడి గ్లాసు నీళ్ళలో కలిపి ఇవ్వండి. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అత్తగార్లకు ఒక మాట

"ఇద్దరి తిండీ తినాలమ్మా" అని కోడలికి కొసరి కొసరి పెట్టకండి. సీమంతానికి చలిమిడి ఒడిలో పెట్టి దీవించండి, తినమని బలవంతం చేయకండి. గర్భిణి చేత ఉపవాసాలు చేయించవద్దు. బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టించండి. పాలివ్వడం బిడ్డకే కాదు, తల్లికీ మేలు.

గర్భంలో షుగరు వచ్చిందా? ఆ సంగతి తల్లీబిడ్డల కార్డులో రాయించి, కార్డు జాగ్రత్త చేసుకోండి. మీ ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని ఈ రోజే అడిగి పరీక్ష తేదీ తెలుసుకోండి.

ముందు పరీక్ష, తరువాత గర్భం. తల్లికి క్షేమం, బిడ్డకు భాగ్యం.