మాత్ర వేసుకుంటున్నా నీరసమెందుకు?

“థైరాయిడ్ మాత్ర మానకుండా వేసుకుంటున్నాను. రిపోర్టు నార్మల్ అన్నారు. అయినా మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, ఎప్పుడూ మత్తుగా ఉంటుంది.” మదీనాగూడ అపార్టుమెంటులో కాపురమున్న కూతురైనా, ఊళ్ళో పొలం పనికి వెళ్ళే తల్లియైనా చెప్పే మాట ఇదే. ఇంట్లోవారు దీనిని బద్ధకమనుకుంటారు. కాని చాలాసార్లు దీని వెనుక మరో లోపం దాగి ఉంటుంది. అదే ఇనుము లోపం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

రెండింటికీ సంబంధమేమిటి?

థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారుచేసుకోవడానికి ఇనుముతో కూడిన ఒక ఎంజైము కావాలి. మరోవైపు థైరాయిడ్ మందగిస్తే కొందరికి బహిష్టు రక్తస్రావం ఎక్కువై ఉన్న ఇనుము కూడా పోతుంది. నీరసం, చలి, జుట్టు రాలడం రెండింటిలోనూ కనిపిస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అయోడిన్, ఇనుము రెండూ కలిపిన ఉప్పును రూపొందించడం ఊరికే కాదు.

కనుక టి.ఎస్.హెచ్.తో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షల గురించి డాక్టరుగారిని అడగండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములు దాటినా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ఆ సంగతి ఫెరిటిన్ చెబుతుంది.

మాత్రల వేళలు

1914 క్రిస్మస్ రోజున అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసిన థైరాక్సిన్ హార్మోనే నేటి మన చిన్న మాత్ర. దానిని తెల్లవారగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుండి గంట తర్వాతే. ఇనుము, కాల్షియం మాత్రలకు కనీసం 4 గంటల ఎడం ఉండాలి. కలిపి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఇనుము మాత్రతో టీ త్రాగవద్దు. నిమ్మరసం మేలు. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు.

తోటకూర, పప్పులు, మాంసం, కాలేయం తినండి. జామ, ఉసిరి తోడైతే ఇనుము బాగా వంటబడుతుంది. అధిక రక్తస్రావం, మొలలు, కడుపులో కొంకిపురుగులు ఉంటే ముందు వాటికి చికిత్స చేయించాలి. నీరసం తగ్గలేదని థైరాయిడ్ మోతాదు స్వంతంగా పెంచవద్దు. గుండెదడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి. గర్భిణులు డాక్టరు చెప్పకుండా మాత్ర మానరాదు.

నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది. అందరికీ వడ్డించి, చివర అడుగూ బొడుగూ తినే తల్లి పళ్ళెంలో ముందుగా కూర వేయండి. అదీ చికిత్సలో భాగమే.