చవక వేప్, ఖరీదు వేప్: ధర మారితే హాని తగ్గుతుందా?



ఈ నెల కాస్త ఇబ్బందికరమైన విషయమే మాట్లాడుకుందాం. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ‘వేప్’ అన్న మాట కొత్తది కాదు. కృత్తివెన్ను, బంటుమిల్లి, పెడన వైపు దుకాణాల్లో మన కంట పడకపోయినా, పిల్లల ఫోన్లలోని వీడియోల్లో అది కనిపిస్తూనే ఉంటుంది. రేపు ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరితే చేతికీ అందవచ్చు. దాని గురించి పిల్లల మధ్య నడిచే మాట ఒకటి ఇళ్ల దాకా కూడా వస్తోంది: “చవకవాటితోనే ప్రమాదం. మంచి కంపెనీది, ఖరీదైనది అయితే ఏమీ కాదు.”

ఈ మాట నమ్మేలాగే ఉంటుంది. హెల్మెట్ కొన్నా, ఫోన్ చార్జర్ కొన్నా ‘నాలుగు రూపాయలు ఎక్కువైనా మంచిదే తీసుకో’ అని పిల్లలకు చెప్పేది మనమే. అందుకే “అది తప్పు” అని కొట్టిపారేస్తే పిల్లలు వినరు. ఎక్కువ డబ్బు పెడితే నిజంగా ఏం మారుతుందో, ఏం మారదో తెలుసుకుని మాట్లాడితే వింటారు.

ఆ పరికరంలో ఏముంటుంది?

వేప్ అన్నా, ఈ-సిగరెట్ అన్నా ఒకటే. 2003 ప్రాంతంలో చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. ఇందులో పొగాకు కాలదు. ఒక చిన్న లిథియం బ్యాటరీ, ఒక లోహపు తీగచుట్ట, దాని చుట్టూ ద్రవంలో తడిసిన దూది ఉంటాయి. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరిలా మారుస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపే ఫ్లేవర్లు, ఎక్కువ వాటిలో నికోటిన్ ఉంటాయి.

చూడటానికి నీటి ఆవిరిలా ఉంటుంది కానీ అది నీటి ఆవిరి కాదు. అతి సన్నని తుంపరల రూపంలో ఆ రసాయనాలన్నీ ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి.

ఎక్కువ డబ్బు పెడితే ఏం మారుతుంది?

ముందుగా బ్యాటరీ. వాడి పారేసే చవక రకాల్లో బ్యాటరీ ఎంత వేడెక్కినా ఆపే ఏర్పాటు ఉంటుందన్న నమ్మకం లేదు. ఉబ్బిపోయి, పేలి, ముఖానికీ తొడలకూ కాలిన గాయాలైన సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఖరీదైన వాటిలో వేడి మితిమీరితే ఆగిపోయే సర్క్యూట్ ఉంటుంది. ఈ ఒక్క విషయంలో పిల్లలు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది.

రెండోది ఉష్ణోగ్రత. చవక పరికరంలో ద్రవం అయిపోవచ్చినప్పుడు దూది మాడుతుంది. అప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి విషపదార్థాలు పెరుగుతాయి. ఖరీదైన దాంట్లో వేడిని అదుపు చేయవచ్చు. కానీ పెద్ద మబ్బు కోసం అదే మీటతో వేడి పెంచుకోవడమూ కుదురుతుంది. కుర్రాళ్లు ఆ మీటను ఎటు తిప్పుతారో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది పైరూపు. మెరిసే లోహం, రంగు లైట్లు, తెర. ధరలో చాలా భాగం వీటికే పోతుంది.

లోహాల సంగతి

ధర పెరిగితే లోపలికి వెళ్లే లోహాలు తగ్గుతాయా? రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడండి.

2025లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అమెరికాలో బాగా అమ్ముడయ్యే, వాడి పారేసే వేప్‌లను పరీక్షించారు. కొన్నిటి ఆవిరిలో మామూలు సిగరెట్లలో కంటే ఎక్కువ సీసం బయటపడింది. పరికరం లోపలి కంచు భాగాల నుంచే అది ద్రవంలోకి దిగుతోందని గుర్తించారు.

‘అవి పారేసే రకాలు కదా’ అంటారా? 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 56 మంది రోజూ వాడుకునే సొంత పరికరాలను పరీక్షించారు. అవి ద్రవం మళ్లీ మళ్లీ నింపుకునే పెద్ద రకాలు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో లోహాలు చాలా తక్కువ. వేడి తీగను తాకి బయటికి వచ్చాక అదే ద్రవంలో సీసం, క్రోమియం, నికెల్ బాగా పెరిగాయి. అంటే చవకదైనా ఖరీదైనదైనా లోహాలు వచ్చే చోటు పరికరం లోపలే.

ఖరీదు పెరిగితే తగ్గనిది: నికోటిన్

అసలు విషయం ఇది. మన తాతల కాలంలో చుట్ట తొలి దమ్ముకే దగ్గు తెప్పించేది, గొంతు మండించేది. ఆ ఘాటే కొందరు పిల్లలను మొదటి రోజే వెనక్కి పంపేది. ఇప్పటి వేప్‌లలో నికోటిన్‌కు బెంజాయిక్ ఆమ్లం లాంటిది కలిపి ‘నికోటిన్ సాల్ట్’గా మారుస్తారు. దాంతో గొంతు మంట తగ్గుతుంది. ఎక్కువ నికోటిన్ కూడా నున్నగా దిగుతుంది. పైగా మామిడి, పుదీనా, పుచ్చకాయ రుచులు. ఖరీదైన పరికరం గొప్పగా చెప్పుకునే ‘స్మూత్‌నెస్’ ఇదే. పిల్లవాడిని ఆపగలిగే ఘాటును అది తీసేస్తుంది.

2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే పరికరం పెన్‌డ్రైవ్‌లా అందంగా ఉండేది. దాని చిన్న పాడ్‌లో 0.7 మిల్లీలీటర్ల ద్రవం, 5 శాతం నికోటిన్. ఒక్క పాడ్ దాదాపు ఒక సిగరెట్ పెట్టెతో సమానమని ఆ కంపెనీయే చెప్పింది. 2019 నాటికి అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఏదో ఒక ఈ-సిగరెట్‌ను గత నెల రోజుల్లో వాడామన్నారు. ఆ పిల్లలను ఆకర్షించింది చవక సరుకు కాదు.

పెట్టె మీది లెక్క కూడా తెలుసుకోండి. 5 శాతం అంటే ఒక మిల్లీలీటరులో సుమారు 50 మిల్లీగ్రాముల నికోటిన్. 10 మిల్లీలీటర్లు పట్టే పరికరంలో 500 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ తాగితే ఒంటికి పట్టేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములే. ఐరోపా దేశాల్లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది. దొంగచాటుగా వచ్చే సరుకుకు అలాంటి హద్దు ఏదీ ఉండదు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ తీపి వాసన ద్రవం మరీ ప్రమాదం. నోట్లో పోసుకుంటే విషమే.

“మాది జీరో నికోటిన్” అన్న మాటను కూడా నమ్మి ఊరుకోవద్దు. సీసా మీద రాసింది లోపల ఉందో లేదో చూసేవాళ్లు మన దగ్గర లేరు. నికోటిన్ లేకపోయినా ఫ్లేవర్ రసాయనాలు, లోహాలు ఎలాగూ ఉంటాయి. తినడానికి పనికొచ్చే ఫ్లేవర్ పీల్చడానికి కూడా పనికొస్తుందనుకోవడం పొరపాటు.

చెరువు తెలిసినవారికి తెలిసిన సంగతే

మన ప్రాంతంలో రొయ్యల సాగు చేసే తల్లిదండ్రులకు దీన్ని వివరంగా చెప్పనవసరం లేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్స్ చెరువుల్లో నిషిద్ధం. చవక డబ్బా వాడినా, ఖరీదైన డబ్బా వాడినా పరీక్షలో అవశేషం దొరికితే సరుకు తిరస్కరిస్తారు. అక్కడ ధర గురించి ఎవరూ అడగరు, ఆ మందు వాడారా లేదా అన్నదే చూస్తారు. వేప్ విషయమూ అంతే.

మన దేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ ద్వారా, ఆ తర్వాత అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా నిషేధించారు. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు అన్నీ నేరమే. నికోటిన్ ఉన్నవీ, లేనివీ, ఈ-హుక్కాలూ అన్నీ ఇందులోకి వస్తాయి. పరికరం మొత్తమే కాదు, దాని విడి భాగాలు అమ్మినా తప్పే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ చట్టంలో తాగినవారికి శిక్ష పెట్టలేదు. కానీ పిల్లవాడు నాలుగు తెప్పించి స్నేహితులకు ఇస్తే అది పంపిణీ, డబ్బు తీసుకుంటే అమ్మకం. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చే చుట్టాలు బ్యాగులో తెచ్చి ఇచ్చినా అది దిగుమతి కిందికే వస్తుంది. “అక్కడ మామూలేగా” అంటే, అమెరికాలో కూడా 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదని గుర్తు చేయండి.

నిషేధం వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ దొరికే ప్రతి వేప్, ఎంత ఖరీదైనదైనా, చాటుమాటుగా వచ్చిందే. దాని నాణ్యతకు ఎవరి ముద్రా లేదు, బిల్లు లేదు. పెద్ద బ్రాండు పేరుతో ఉన్నది నకిలీ కావచ్చు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. మృతులు 68 మంది. ఎక్కువ కేసుల్లో కారణం, చాటుగా అమ్మిన గంజాయి ద్రవంలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. కొన్నవారికి అందులో ఏం కలిపారో తెలియదు.

చదువు మీద ఏం జరుగుతుంది?

నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. రెండు గంటల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది. తగ్గగానే మెదడు మళ్లీ అడుగుతుంది. అలవాటు పడిన పిల్లలు రెండు గంటల స్టడీ అవర్ కదలకుండా కూర్చోలేకపోవడానికి ఇదే కారణం. చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. మనం ‘పరీక్షల టెన్షన్’ అనుకుంటాం. పిల్లవాడేమో ‘ఒక్క దమ్ము లాగితే టెన్షన్ పోతోంది’ అనుకుంటాడు. నిజానికి ఆ దమ్ము తగ్గించేది ముందటి దమ్ము తెచ్చిన బాధనే. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుంది కాబట్టి, ఈ వయసులో అలవాటు త్వరగా పట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది.

ఇంట్లో గమనించాల్సినవి

• పెన్‌డ్రైవ్, హైలైటర్, పెన్ను, లిప్‌స్టిక్ లాగా ఉండి, ఆ పనికి పనికిరాని వస్తువు
• గదిలో, బ్యాగులో, బట్టల్లో కారణం లేని పండ్ల వాసన లేదా పుదీనా వాసన
• మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్లడం, తలుపు వేసుకోవడం
• నోరు ఎండడం, ఎక్కువ దాహం, తగ్గని పొడి దగ్గు
• పాకెట్ మనీ లెక్క తేలకపోవడం

వీటిలో ఒకటి కనబడగానే నేరం రుజువైనట్టు కాదు. ఇది మగపిల్లల సంగతే అనుకోవద్దు. పొగ వాసన రాదు కాబట్టి ఎవరైనా దాచగలరు.

దొరికితే ఏం చేయాలి?

కోపం వస్తుంది, సహజమే. ఆ కోపంలో మాట్లాడకండి, ఆ పూటకు ఆగండి. కొట్టడం, చుట్టాల ముందు పరువు తీయడం వల్ల అలవాటు పోదు, దాచడం మాత్రం నేర్చుకుంటారు. ఇలా మొదలుపెట్టవచ్చు: “నాన్నా, ఇది నీ బ్యాగులో కనబడింది. కొట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నాను. ఎన్నాళ్ల నుంచి?” తర్వాత ఒక్క ప్రశ్న తప్పక అడగండి: “పొద్దున లేచిన అరగంటలోపే కావాలనిపిస్తోందా?” అవునంటే అది సరదా దశ దాటింది, డాక్టరు సాయం కావాలి.

ఇంట్లో పెద్దవారే సిగరెట్ తాగుతుంటే, ఖైనీ వేస్తుంటే “ఏ మొహంతో చెప్పను?” అనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: “నేను నీ వయసులోనే మొదలెట్టాను. ఇప్పటికీ మానలేకపోతున్నాను. అందుకే నీకు చెబుతున్నాను.” వీలైతే ఇద్దరూ కలిసి మానే ప్రయత్నం చేయండి.

‘చవకది మానిపించి మంచిది కొనిద్దాం, మెల్లగా తగ్గిస్తాడు’ అన్న ఆలోచన మాత్రం వద్దు. కొన్ని దేశాల్లో ఏళ్ల తరబడి సిగరెట్ తాగిన పెద్దలు వైద్యుల సలహాతో వేప్‌కు మారతారు. ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లలకు ఆ లెక్క వర్తించదు.

పరికరాన్ని తగలబెట్టవద్దు, పంట కాలువలో విసరవద్దు. లోపల లిథియం బ్యాటరీ, నికోటిన్ ద్రవం ఉంటాయి. చిన్న పిల్లలకు అందకుండా విడిగా చుట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.

మానేటప్పుడు తోడుండండి

మానిన మొదటి మూడు రోజులు చాలా కష్టం. తలనొప్పి, చిరాకు, ఆకలి ఎక్కువవుతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. కాబట్టి పరీక్షల వారంలో కాకుండా సెలవుల్లో మొదలుపెట్టడం తేలిక. కోరిక పుట్టినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుంది. మంచినీళ్లు తాగడం, నాలుగడుగులు నడిచి రావడం, ఎవరితోనైనా మాట్లాడటం ఆ నిమిషాలు గడిపేస్తాయి. మళ్లీ ఒకసారి తప్పితే “నీ వల్ల కాదు” అనకండి. చాలామంది రెండు మూడు ప్రయత్నాల తర్వాతే మానగలుగుతారు.

ఉచితంగా సాయం దొరికే నంబర్లు ఇవి:

• జాతీయ పొగాకు క్విట్‌లైన్: 1800-11-2356
• మానసిక ఆరోగ్యానికి టెలి మానస్: 14416
• పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్: 1098

పాఠశాల దగ్గర ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే పోలీసులకు చెప్పండి, మాకూ చెప్పండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి గురించి అనుమానం ఉంటే క్లాస్ టీచరును విడిగా కలిసి మాట్లాడండి.

ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లలను ఊరికే అడిగి చూడండి: “ఖరీదైన వేప్ అయితే ఏమీ కాదంటున్నారు, నువ్వేమంటావ్?” వాళ్లు చెప్పేది ముందు పూర్తిగా వినండి. తర్వాత మీకు తెలిసింది చెప్పండి.