ఉప్పునీటిలో నైట్రేటు: గాజుతొట్టి మొదలు రొయ్యలచెఱువు వఱకు

హైదరాబాదు నగరమున హైదర్‌గూడ యందు ఒక మిత్రుని యింట ఇటీవల ఉప్పునీటి గాజుతొట్టి నొకదానిని జూచితిమి. సముద్రము అచ్చటికి రెండువందలయేబది కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అయినను లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రలవణమును గలిపి, అందు సముద్రపు చేపలను బెంచుచున్నాడు. నీరు చూపునకు స్ఫటికమువలె నుండెను. చేపలు మాత్రము మేతకు లేచుట లేదు. ఱాళ్లనిండ నాచు పట్టియుండెను. పరీక్షింపగా లీటరునకు 80 మిల్లీగ్రాముల నైట్రేటు తేలినది. చేపలు మాత్రమే యున్న తొట్టిలో నది 40 దాటకుండుట మేలు. పగడపుజీవులున్నచో 10 లోపుననే యుండవలెను. వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మార్చుచునే యున్నను ఈ సంఖ్య యేల దిగదని మిత్రుడు మమ్ము నడిగెను.

సేద్యగాండ్ర పత్రికలో గాజుతొట్టి ముచ్చట యేలయని కొందఱు సభ్యులు నవ్వుకొనవచ్చును. భీమవరము, నెల్లూరు ప్రాంతములలో రొయ్యలచెఱువు గల సభ్యుడు నవ్వడు. ఆ తొట్టి యతని చెఱువే, కొలత మాత్రము చిన్నది. తొట్టిలో పోవునవి నాలుగు చేపలు. చెఱువులో పోవునది బ్యాంకు ఋణముతో పెట్టిన పంట.

నైట్రేటు ఆకాశమునుండి యూడిపడదు. మనము వేయు మేతలోని మాంసకృత్తునందు నత్రజని గలదు. చేపగాని రొయ్యగాని దానిలో కొంత యొడలికి బట్టించుకొని, తక్కినదానిని ముఖ్యముగా మొప్పల ద్వారమున అమోనియాగా విడుచును. తినక మిగిలిన మేతయు, మలమును క్రుళ్లి అమోనియా యగును. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మఱియొక జాతివి ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వేఱుపఱచి చూపెను. మన పొలములో యూరియా నైట్రేటుగా మారి పైరునకు అందునదియు ఈ జీవులవలననే. పొలమున పైరు దానిని గ్రహించును. తొట్టిలో గ్రహించు పైరు లేదు గనుక అది పేరుకొనిపోవును.

అమోనియా, నైట్రైటులతో బోల్చిన నైట్రేటు సాధువు. అమోనియా దినముల లెక్కన, ఒక్కొక్కప్పుడు గంటల లెక్కన, చంపును. అందును మధ్యాహ్నవేళ ఎండకు నాచు పెరిగి నీటి క్షారగుణము హెచ్చినపుడు, ఉదయమున హానిచేయని యమోనియాయే విషరూపము దాల్చును. నైట్రేటు అట్లు చేయదు. మెల్లమెల్లగా తిండి తగ్గించును, ఎదుగుదల నాపును. రొయ్యల మీసములు పొట్టివగును. అందుచేతనే దానిని ఎవరును లెక్కసేయరు.

ఇక మిత్రుని ప్రశ్న. తొట్టిలో పోయుటకు దెచ్చుచున్న బోరునీటిని విడిగా పరీక్షింపుమంటిమి. అందు 40 తేలినది! కావున నాలుగవవంతు మార్చగా 80 కాస్త 70 అగును, మరల మార్చగా 62, పిదప 57. ఎన్నిసారులు మార్చినను 40కి దిగువకు బోవుట యసాధ్యము. నడుమ మేతవలన చేరునది వేఱు. నైట్రేటులేని నీటితో మార్చినచో 80 నుండి 60కి, 45కి, 34కి దిగియుండెడిది. తెలంగాణమున పెక్కుచోట్ల భూగర్భజలములో నైట్రేటు త్రాగునీటి హద్దయిన 45 మిల్లీగ్రాములను మించియున్నదని కేంద్ర భూగర్భజల సంస్థ పలుమారులు తెలిపియున్నది. నీటిని కాచిన నిది పోదు. నీరు ఆవిరియై మిగిలినది యింకను చిక్కనగును. పసిబిడ్డలకు అట్టి నీటితో పాలు కలుపుట ప్రమాదమని 1945 లోనే అమెరికాలో ఒక వైద్యుడు ప్రకటించెను. తొట్టికి మాత్రము ఆర్.ఓ. యంత్రపు నీరు చాలును. ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయవలెను, ఉప్పునీరు కాదు. ఉప్పు ఆవిరి కాదు గదా.

చెఱువులో నీరు మార్చుట అంత సులభము కాదు. లెక్క చూడుడు. నూటికి 35 పాళ్లు మాంసకృత్తు గల మేత నూఱు కిలోలలో నత్రజని సుమారు 5.6 కిలోలు. అందు నాలుగవవంతు రొయ్యకు బట్టిన, తక్కిన 4.2 కిలోలు చెఱువుపాలు. అదంతయు నైట్రేటుగా మారిన 18 కిలోలకు మించును. ఒక పంటకు ఎకరమున 2,600 కిలోల మేత వేసితిమేని, నాలుగడుగుల లోతు నీటిలో లీటరునకు 100 మిల్లీగ్రాములంత! నిజమునకు కొంత బురదలో దిగును, కొంత నాచు తినును, కొంత వాయువై పోవును. అయినను మూలము మేతయే. చెక్ ట్రేలో మిగిలిన మేతను జూచి మరుసటి పూట తగ్గించువాడు సగము వైద్యము చేసినవాడే.

ప్రాణవాయువు లేని తావున బ్రదుకు వేఱు సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలో గలుపును. గాజుతొట్టిలో నాలుగైదంగుళముల సన్నని యిసుకపొర, రంధ్రములు గల ఱాళ్లు ఇందుకే. సముద్రపు నాచును వేఱు గదిలో బెంచి, పెరిగినదానిని కోసి పాఱవేసిన నైట్రేటు దానితో బోవును. ఇది గడ్డి కోయుట వంటిదే. చెఱువు బురదలోను ఆ సూక్ష్మజీవులే పనిచేయును, కాని పంట నడుమ బురదను గెలికిన విషవాయువు లేచి రొయ్యలను జంపును. పంటకు పంటకు నడుమ నెండగట్టి, నల్లని మట్టిని దీసివేయుటయే సరి.

తవుడు, బెల్లము పులియబెట్టి చల్లుట మన రైతులకు తెలిసినదే. తీపి తిన్న సూక్ష్మజీవులు నీటిలోని అమోనియాను దమ యొడలికి జేర్చుకొనును, నైట్రేటు పుట్టుటయే తగ్గును. అయితే అవియు ప్రాణవాయువును బీల్చును. ఏరేటర్లు తిరుగని రాత్రి, కరెంటు పోవు రాత్రి, మోతాదు మించిన బెల్లము చెఱువును తెల్లవారునప్పటికి ఊడ్చివేయగలదు.

పరీక్షలలో ఒక చిక్కు గలదు. కొన్ని పెట్టెలు నైట్రేటును జూపును, కొన్ని అందలి నత్రజనిని మాత్రమే. రెండవదానిని 4.43 చేత గుణించిననే మొదటిది వచ్చును. ఒకడు 10 అనియు, ఒకడు 44 అనియు జగడమాడుట మేమెఱుగుదుము. ఇద్దఱి నీరు నొక్కటియే. నైట్రైటు ఎక్కువగా నున్నను నైట్రేటు పరీక్ష తప్పు చూపును. ఉప్పు తక్కువైన లోనాటి చెఱువులలో నైట్రైటు మఱింత క్రూరము, ఏలయన ఉప్పులోని క్లోరైడే దానిని మొప్పలలో జొరకుండ నడ్డును.

మార్చిన నీరు ఎచ్చటికి బోవును? 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు ఒక చెఱువు విడిచిన నీటిని మఱియొక చెఱువు తోడుకొనుటచేత కాలువవెంట ప్రాకినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పులికాట్ సరస్సునకు 1000 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమను నిషేధించెను. 2005లో తీరప్రాంత జలచర సాగునకు ప్రత్యేక చట్టము వచ్చెను. విడిచిన నీటిని వేఱు గుంటలో కొన్నాళ్లు నిలిపి, బురద దిగిన పిదప కాలువకు వదలుట రైతు చేయదగిన పని. ఆ గుంటలో ఆల్చిప్పలను, నాచును బెంచినచో కొంత నత్రజని అచ్చటనే చిక్కును. గుంటకు ఒక మూల భూమి పోవునని కొందఱు సణుగుదురు. కాలువకు దిగువ నున్న చెఱువు తమ్ముడిదైనచో నట్లు సణుగరు.