మడత తప్పిన ప్రోటీన్లను పట్టేదెలా?

పాత దినపత్రిక కాగితంతో ఒక పడవ చేయండి. తర్వాత దాన్ని విప్పి, అదే కాగితంతో విమానం చేయండి. కాగితం మారలేదు, దానిమీది అక్షరాలూ మారలేదు. మారినవి మడతలు మాత్రమే. అయినా ఒకటి నీటిమీద తేలుతుంది, మరొకటి గాలిలో ఎగురుతుంది.

మన శరీరంలోని ప్రోటీన్లూ ఇటువంటివే. అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా చేరి దండగా ఏర్పడతాయి. ఆ దండ సరైన తీరులో మడతపడితేనే ప్రోటీను తన పని తాను చేస్తుంది. మడత తప్పిన ప్రోటీన్లు పోగుపడితే కొన్నిసార్లు నాడీకణాలే నశిస్తాయి.

పిచ్చి ఆవు వ్యాధి

1986లో బ్రిటన్‌లో ఆవుల మెదడును స్పంజిలా తూట్లు పొడిచే ఒక వ్యాధిని గుర్తించారు. ఆ దేశంలో 1,80,000కు పైగా పశువులకు ఇది సోకినట్లు నిర్ధారణ అయింది. ఆ పశువుల మాంసం తిన్నవారికీ ఇది సోకి ఉండవచ్చని 1996లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కబేళాకు వచ్చిన ప్రతి పశువు విషయంలోనూ అప్పుడు ఒకటే ప్రశ్న: దీని మెదడులో వ్యాధి ఉందా, లేదా?

దీనికి కారణం వైరసో బాక్టీరియానో కాదు, ఒక ప్రోటీను. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో ఇటువంటి వ్యాధికారకానికి 'ప్రియాన్' అని పేరు పెట్టారు. ఈ కృషికి 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ప్రియాన్ ప్రోటీను ఆరోగ్యవంతుల నాడీకణాల మీద కూడా ఉంటుంది. అయితే మడత తప్పినది పక్కనున్న మంచి ప్రోటీనును కూడా తనలాగే మార్చివేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రతిరక్షకానికి వచ్చిన ఇబ్బంది

శరీరంలో చొరబడిన పరాయి పదార్థాలను పట్టుకోవడానికి మన రోగనిరోధక వ్యవస్థ ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. వీటినే యాంటీబాడీలు అంటారు. ఒక్కో ప్రతిరక్షకం ప్రోటీను ఉపరితలం మీద ఒక చిన్న భాగాన్నే గుర్తిస్తుంది. పత్రిక మొత్తంలో ఒక్క పదాన్ని మాత్రమే చదవగలిగిన మనిషి వంటిదన్నమాట. పడవ మీదా, విమానం మీదా ఆ పదం కనిపిస్తుంటే ఏది ఏదో అతడు చెప్పలేడు.

ఇంకొక ఇబ్బందీ ఉంది. ప్రియాన్ ప్రోటీను శరీరానికి సొంతమైనది. అందువల్ల వ్యాధి సోకినా రోగనిరోధక వ్యవస్థ దానిమీద ప్రతిరక్షకాలను తయారుచేయదు. ఈ ప్రోటీను జన్యువును తొలగించిన ఎలుకలను జ్యూరిక్ శాస్త్రవేత్తలు 1992లో రూపొందించారు. ఆ ఎలుకలకు ప్రియాన్ ప్రోటీను పరాయిది. దాన్ని ఎక్కిస్తే వాటిలో చక్కని ప్రతిరక్షకాలు తయారయ్యాయి.

మూడు ఉపాయాలు

మొదటిది కత్తెర. ప్రోటినేజ్-కె అనే ఎంజైము ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. మంచి ప్రియాన్ ప్రోటీను దానికి పూర్తిగా లొంగిపోతుంది. మడత తప్పిన దానికి ఒక కొస మాత్రమే తెగి, సుమారు 140 అమైనో ఆమ్లాలున్న గట్టి భాగం మిగిలిపోతుంది. ఈ ఎంజైముతో కలిపిన మెదడు నమూనాకు ప్రతిరక్షకాన్ని చేర్చాక అది అంటుకుందంటే వ్యాధి ఉన్నట్లే. ప్రతిరక్షకానికి తగిలించిన మరో ఎంజైము రంగునో వెలుగునో ఇచ్చి ఆ సంగతి తెలియజేస్తుంది.

రెండవది విప్పి చదవడం. కొన్ని పదాలు మంచి మడతలో పైకి కనిపిస్తాయి, చెడు మడతలో లోపల దాగిపోతాయి. నమూనాను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండవ దానిలో మడతలను రసాయనంతో విప్పుతారు. రెండింటికీ ఒకే ప్రతిరక్షకాన్ని చేరుస్తారు. విప్పిన దానికి ఎక్కువగా అంటుకుంటే, దాగిన పదాలు ఉన్నాయని అర్థం. ప్రూసినర్ బృందం 1998లో ఈ పద్ధతిని ప్రకటించింది. కత్తెరకు లొంగిపోయే చెడు ప్రోటీన్లు కూడా ఇందులో దొరుకుతాయి.

మూడవది మడతనే గుర్తించే ప్రతిరక్షకం. 1997లో ప్రకటించిన '15బి3' చెడు ప్రియాన్‌ను మాత్రమే పట్టుకుంటుంది. దండలో దూరదూరంగా ఉన్న పూసలు మడతవల్ల ఒకచోట చేరినప్పుడు ఏర్పడే ఆకృతిని అది గుర్తిస్తుంది.

'లేదు' అంటే లేనట్లేనా?

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. ఆవుకు వ్యాధి సోకిన కొన్నేళ్ల వరకు దాని మెదడులో చెడు ప్రోటీను చాలా తక్కువగా ఉంటుంది. అప్పుడు పరీక్ష 'లేదు' అనే చెబుతుంది. అందుకే పరీక్షలతో సరిపెట్టక, పశువుల మెదడు, వెన్నుపాము ఆహారంలో కలవకుండా కూడా నిషేధించారు. పైగా ఈ పరీక్షకు మెదడు ముక్క కావాలి, కాబట్టి బతికున్న మనిషికి ఇది పనికిరాదు.

మనుషుల సంగతి

అల్జీమర్స్, పార్కిన్సన్స్ వ్యాధులలోనూ మడత తప్పిన ప్రోటీన్లు పోగుపడతాయి. పార్కిన్సన్స్ రోగుల మెదడులో కనిపించే లూయీ బాడీలలో ఆల్ఫా-సైన్యూక్లీన్ అనే ప్రోటీను ఉందని 1997లో చూపించినవి ప్రతిరక్షకాలే. అల్జీమర్స్ నిర్ధారణకు సాయపడే ఒక రక్తపరీక్షకు 2025లో అమెరికా అనుమతి ఇచ్చింది. అందులో ప్రతిరక్షకాలు వెతికేది మడతను కాదు. రక్తంలోకి చేరిన టౌ, అమైలాయిడ్ ప్రోటీన్ల నిష్పత్తిని అవి కొలుస్తాయి. మతిమరుపు లక్షణాలున్నవారికి వైద్యుని పరీక్షతో పాటు చేయవలసినదే తప్ప, అదొక్కటే తీర్పు కాదు.

ఇంట్లో తాతయ్య అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతుంటే "వయసు మీద పడింది" అని మనం వదిలేస్తుంటాం. అది నిజంగా వయసేనా, మడత తప్పిన ప్రోటీనా అని బతికుండగానే, మెదడును ముట్టుకోకుండానే తేల్చగలగడమే ఈ పరిశోధనల లక్ష్యం.