తుంగభద్ర పుట్టింటి కొండలు

కర్నూలు దగ్గర తుంగభద్రలో కాళ్లు కడుక్కున్న మనలో ఎందరికి దాని పుట్టిల్లు తెలుసు? కర్ణాటకలో, పడమటి కనుమల్లో కుద్రేముఖ్ కొండలున్నాయి. కన్నడంలో గుర్రపు మొగమని అర్థం. ఎత్తు సుమారు 1,890 మీటర్లు. తుంగ, భద్ర రెండూ అక్కడి గంగామూల దగ్గరే పుడతాయి.

వానలు వెనుకబడ్డాక నేను ఆ కొండ ఎక్కాను. పదడుగుల అవతలి మనిషి మంచులో కనబడడు. జలగలు మేజోళ్లలోకీ దూరాయి. కొండల పైన అంతా గడ్డి. లోయ మడతల్లో మాత్రం చిక్కటి చెట్లు. వాటిని షోలా అడవులంటారు. సింహపు తోక కోతులకు ఈ కనుమల అడవులు తప్ప లోకంలో వేరే ఇల్లు లేదు. ఆ గడ్డీ, ఆకుల పొరా వాననీటిని పట్టి ఉంచి, వేసవిలోనూ వాగులకు కొంచెం కొంచెంగా వదులుతాయి.

1987లో జాతీయ ఉద్యానవనమైనా అక్కడ ఇనుప ఖనిజం తవ్వకం ఆగలేదు. వానకు మట్టి భద్రలోకి కొట్టుకొచ్చేది. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, 2005 చివరికి ఆగింది. పని పోయిన కుటుంబాల బాధ చిన్నదని నేననను. కార్మికుల ఊరు చాలావరకు ఖాళీ అయింది. అయినా నదికి ఇంకో పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు కొండ ఎక్కాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. దిగి వచ్చాక మా వెంట వచ్చిన మనిషి నా సంచి విప్పించి, బిస్కెట్ కాగితాలు లెక్కపెట్టాడు. ఒకటి తగ్గింది. వెనక్కి వెళ్లి వెతికి తెచ్చాను.