టైరు కొనే ముందు... దారి చూడండి!

'అన్నా, కొత్తగా ఎంటీబీ కొన్నా. మంచి టైర్లు ఏవో చెప్పవా?' వారాంతాల్లో అనంతగిరి కొండల్లో సైకిల్ తొక్కుతానని తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: 'రోజూ తొక్కేది ఎక్కడ?' టైరు మంచిదా కాదా అన్నది దాని రేటు చెప్పదు, మీ దారి చెబుతుంది.

సైజు తప్పితే డబ్బు దండగ

టైరు పక్కన 57-584 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. 26 అంగుళాల చక్రానికి 559, 27.5కి 584, 29కి 622 ఉంటుంది. ఈ రెండో అంకె కలవకపోతే టైరు ఎక్కదు. వెడల్పు కాస్త పెంచుకోవచ్చు. కానీ బురద పట్టినా ఫ్రేముకి రాసుకోనంత ఖాళీ ఉండాలి.

మీ దారి ఏది?

వారమంతా తారు రోడ్డు, నెలకోసారి కొండ... మనలో చాలామంది కథ ఇదే. అలాంటప్పుడు పెద్ద బొడిపెల టైరు వేస్తే రోడ్డు మీద గుర్రుమంటూ కాళ్ల సత్తువంతా పీల్చేస్తుంది. మధ్యలో చిన్న బొడిపెలు దగ్గరదగ్గరగా, అంచుల్లో కాస్త పెద్దవి ఉన్నది తీసుకోండి. కంకర, ఎర్రమట్టి బాటలే ఎక్కువైతే బొడిపెలు పెద్దవి కావాలి. వానాకాలం నల్లరేగడిలో దిగేవాళ్లకైతే వాటి మధ్య ఎడం కూడా ఉండాలి. లేదంటే మట్టి ఇరుక్కుని టైరు కాస్తా గారె అయిపోతుంది!

ముందు టైరుకే పెద్దపీట

వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. మలుపులో ముందు చక్రం జారిందా, కింద పడ్డట్టే. అందుకే బడ్జెట్ ఒక్క టైరుకే సరిపోతే మంచిది ముందు వేయండి. మెత్తటి రబ్బరు పట్టు ఎక్కువిస్తుంది, త్వరగా అరుగుతుంది. వెనక టైరు ఎలాగూ ముందే అరుగుతుంది కాబట్టి అక్కడ కాస్త గట్టి రబ్బరు చాలు. బిగించేటప్పుడు టైరు మీద బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి.

గాలి ఎంత?

టైరు మీద రాసిన గరిష్ఠ పీఎస్ఐ వరకూ కొట్టేస్తే సైకిల్ రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది, పట్టు ఉండదు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిముకీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అచ్చం పాము కాటే! 65-70 కిలోల మనిషి, 2.25 అంగుళాల ట్యూబు టైరు అనుకుందాం. మట్టిదారిలో 28-30 పీఎస్ఐతో మొదలుపెట్టి, రెండేసి పాయింట్లు పెంచుతూ తగ్గిస్తూ చూసుకోండి. ముందు చక్రానికి వెనకదాని కన్నా ఒకట్రెండు తక్కువుండాలి. రోడ్డు మీదైతే 35-40 హాయిగా ఉంటుంది.

పల్లేరు కాయలున్నాయ్ జాగ్రత్త

మన దారుల్లో తుమ్మముళ్లు, పల్లేరు కాయలు ఎలాంటి టైరునైనా వదలవు. ట్యూబ్‌లెస్‌లో పోసే సీలెంట్ చిన్న చిల్లుల్ని వెంటనే మూసేస్తుంది. కానీ దానికి సరిపడే రిమ్ములు ఉండాలి. మన ఎండలకు సీలెంట్ ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి. కొత్తవాళ్లకు ట్యూబే నయం. ఒక స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు బ్యాగులో వేసుకోండి. ట్యూబు మార్చడం కొండ మీద కాదు, ఇంట్లోనే ఒకసారి ప్రాక్టీస్ చేయండి.

ఇంకో మాట. షాపుకి వెళ్లేలోపు గేజ్ ఉన్న పంపు ఒకటి సంపాదించండి. ఇప్పుడున్న టైర్లలోనే గాలి సరిచేసి రెండు వారాలు తొక్కండి. అప్పటికీ మలుపుల్లో జారుతుంటే, అప్పుడు పర్సు తీయండి.