బాలే నాట్యము – దాని ఆహార్యము



నేను చిరకాలము బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఉద్యోగములో నున్న దినములలో జరిగిన యొక చిన్న సంగతితో ఈ ప్రసంగము నారంభింతును. ఒకనాడొక విద్యార్థి పాఠము వినక, పుస్తకములో దాచికొన్న చిత్రము నొకదానిని చూచుచుండెను. లాగికొని చూచితిని. అందొక పాశ్చాత్య నర్తకి కాలివ్రేళ్ల కొనలపై నిలిచియున్నది. నడుము చుట్టును గొడుగువలె విచ్చుకొన్న తెల్లని కుచ్చుల పావడ మోకాళ్లవఱకైనను లేదు. "ఇదియా నాట్యము? ఆ దేశమున గుడ్డ కఱవైనదా?" అని అందఱి యెదుట వానిని గద్దించి, ఆ చిత్రమును చింపివేసితిని. "అది బాలే అండీ" అని మాత్రము వాడు మెల్లగా ననెను. ఆ మాటకర్థము నాకు తెలియదు. తెలియదని యొప్పుకొనుటకు పంతులుతనము అడ్డువచ్చెను. పిదప గ్రంథములు చూచి తెలిసికొంటిని. తెలిసికొన్నకొలది నాటి కోపమునకు సిగ్గుపడితిని. ఆ తెలిసికొన్నదియే నేడు మీకు విన్నవింతును.

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములని మన శాస్త్రము. అంగముల కదలిక ఆంగికము, వేషభూషలు ఆహార్యము. బాలే చరిత్రమంతయు ఈ రెండింటికి నడుమ జరిగిన తగవు అని చెప్పవచ్చును.

ఇటలీ భాషలో 'బల్లారే' అనగా నాట్యమాడుట. ఆ ధాతువునుండియే బాలే అను పేరు పుట్టినది. 15వ శతాబ్దిలో ఇటలీ ప్రభువుల కొలువులలో, వివాహములందును విందులందును, దొరలు దొరసానులు స్వయముగా నాడిన యాటలే దీనికి మూలము. 1533లో ఫ్లారెన్సు నగరపు మెడీచీ వంశమునకు చెందిన కేథరీను ఫ్రాన్సు రాజకుమారుని పెండ్లాడెను. తరువాతి కాలమున ఆమె ప్రాపకమున ఈ వినోదము ఫ్రాన్సు కొలువులో మిక్కిలి వర్ధిల్లెను.

1581 అక్టోబరు 15వ తేదీ రాత్రి పారిసులో రాణిగారి చెల్లెలి వివాహ సందర్భమున ఒక మహాప్రదర్శనము జరిగెను. మనుష్యులను మృగములుగా మార్చు సిర్సే యను మాయలాడి కథ అందలి యితివృత్తము. పాట, పద్యము, ఆట మూడును కలిసి అయిదు గంటలకు పైగా సాగెను. కూర్చినవాడు ఇటలీనుండి వచ్చిన బోజ్వాయో. ప్రేక్షకులలో పెక్కుమంది గోడల వెంబడి కట్టిన ఎత్తైన అరుగులపై కూర్చుండి క్రిందికి చూచిరి. మన ముంగిటి ముగ్గు నిలుచుండి చూచినగాని దాని సొగసు తెలియదు గదా! అట్లే నర్తకులు కదలుచు నేలపై నేర్పఱచు ఆకృతులే వారికి ముఖ్యము. పాదము లెట్లాడుచున్నవో ఎవరును విచారింపలేదు. కావున వస్త్రము ఎంత బరువైన నంత గొప్ప.

1653లో పదునాల్గవ లూయీ రాజు, తన పదునాలుగవ యేట, రాత్రి యంతయు సాగిన యొక బాలేలో ఉదయించు సూర్యుడుగా నాడెను. బంగారు కిరణములు, తలపై ఈకల కిరీటము నాతని వేషము. ప్రభువులు తిరుగబడిన అంతఃకలహము అప్పుడే చల్లాఱుచుండెను. తిరుగబడినవారికి ఆ వేషము చెప్పవలసిన మాట చెప్పెను. ఆతనికి సూర్యరాజను బిరుదు నిలిచిపోయెను. 1661లో ఆ రాజే పదుమూడుగురు గురువులతో నాట్యపరిషత్తును స్థాపించెను. పాదములను వెలుపలికి త్రిప్పి నిలుపు అయిదు స్థానములను రాజుగారి నాట్యగురువు బోషాం క్రమబద్ధము చేసెనని ప్రసిద్ధి. అవియే నేటికిని బాలేకు ఓనమాలు.

రాజు 1670 ప్రాంతమున రంగము విడిచెను. ఆట క్రమముగా వృత్తికళాకారుల చేతికి వచ్చెను. పారిసు సంగీతనాటకశాలలో స్త్రీపాత్రలను మొదట పురుషులే ధరించిరి. మన కూచిపూడి భాగవతుల నెఱిగిన మీకిది వింత గాదు. 1681లో గాని వృత్తినర్తకీమణులు ఆ రంగమెక్కలేదు.

ఇప్పుడు తగవు మొదలైనది. పురుషునికి నడుము చుట్టును బద్దలతో బిగించిన గంపవంటి కుఱుచ పావడ, తోలుతో చేసిన మొగముతొడుగు, ఈకల తలపాగ. స్త్రీకి నేల నంటు పావడ, దానిలోపల చట్రము, ఊపిరాడనీయని బిగుతు రవిక, ఎత్తుమడమల జోళ్లు. మన వీథినాటకమున కిరీటము, భుజకీర్తులు పెట్టుకొని గంతు వేయువాని యవస్థ మీరు చూచియే యుందురు. మొగము కప్పిన సాత్త్వికమెక్కడ? కాలు కప్పిన ఆంగికమెక్కడ?

1726లో పారిసు రంగమెక్కిన కామార్గో యను నర్తకి పాదచాలనమున దిట్ట. తన అడుగులు కనబడుటకై పావడను చీలమండలకు పైకి కుదించెను. జనులు గగ్గోలు పెట్టిరి. 1734లో లండనులో మారీ సాలే, ప్రాణము వచ్చిన శిలాప్రతిమ వేషమున, చట్రమును విసర్జించి, పలుచని మల్లుబట్టతో, విరబోసిన జుట్టుతో ఆడెను. 1760లో నొవేరు అను నాట్యాచార్యుడు లేఖారూపమైన గ్రంథము ప్రకటించి, మొగముతొడుగులును గంపపావడలును కళకు శత్రువులని వాదించెను. 1789 నాటి ఫ్రెంచి విప్లవము తరువాత మడమలేని మెత్తని జోళ్లు, తేలికవస్త్రములు వాడుకలోనికి వచ్చెను.

1832లో పారిసులో మారీ టాలియోనీ, తన తండ్రి కూర్చిన 'లా సిల్ఫీడ్'లో గాలిలో తేలు దేవకన్యగా నాడెను. గంటవలె విచ్చుకొన్న తెల్లని పలుచని పావడ, కుట్లతో కొనలు గట్టిపఱచిన పట్టుజోళ్లు, వ్రేళ్ల కొనలపై నిలుకడ. నేల విడిచినదా యని చూపఱులు భ్రమించిరి. వస్త్రమును నాట్యమును అచ్చట ఒక్కటైనవి.

కాని ఆ తేలికదనమునకు మూల్యము గలదు. నాడు రంగమున గ్యాసుదీపములు మండుచుండెను. పలుచని బట్టకు నిప్పంటకుండ మందునీటిలో ముంచవలెనని ఆజ్ఞ యుండెను. ముంచిన బట్ట బిరుసెక్కి వన్నె తఱుగునని, టాలియోనీ శిష్యురాలు ఎమ్మా లివ్రీ అందుకొప్పుకొనలేదు. 1862 నవంబరులో అభ్యాసవేళ ఆమె పావడకు దీపమంటుకొనెను. ఎనిమిది నెలలు బాధపడి, 1863 జూలైలో, ఇరువదియేండ్లకే ఆమె మరణించెను.

ఆ శతాబ్ది తుదిభాగమున కాళ్ల పని మఱింత కఠినమైనది. అది స్పష్టముగా కనబడుటకై పావడ ఇంకను కుఱుచయై, బిరుసుగా నిలుచునట్లయ్యెను. నేను చింపిన చిత్రమందలిది అదియే.

గుడ్డ కఱవై యది కుఱుచ గాలేదు. నూఱేండ్లకు పైగా ఒక్కొక్క బెత్తెడు గెలిచికొనుచు, ఒక కళ తన పాదములను వెలికి దెచ్చుకొన్న చరిత్ర ఆ పావడలో నున్నది. పరదేశపు వేషమును చూచినప్పుడు "ఇదేమి సిగ్గులేనితనము?" అనుటకు ముందు "ఇది యేమి పని చేయుచున్నది?" అని యడుగవలెనని నాకు బోధపడినది.

ఆ విద్యార్థి ఇప్పుడెచ్చట నున్నాడో యెఱుగను. ఈ మాటలు వాని చెవిని బడినచో, నాడు చింపిన చిత్రమునకు బదులుగా వీనిని గ్రహించునుగాక.